వాండా దుబ్యెన్‌స్కా: పోలండు దేశపు తొలి ఒలింపిక్ వనిత



ఈ శీర్షిక క్రింద ప్రతిమాసమును ఏదో యొక దేశపు వనితను గూర్చి ముచ్చటించుకొనుచున్నాము గదా. క్రిందటి మాసమున ఒక సోదరి నాకొక లేఖ వ్రాసిరి. “మీరు వ్రాయు స్త్రీలందరును గెలిచినవారే. పతకము తేనిదే ఆడుదాని బ్రతుకు వ్రాతకెక్కదా?” అని అందులో అడిగిరి. ఆ లేఖ చదివి పాత సంచికలు తిరుగవేసి చూచితిని. ఆమె మాట అబద్ధము కాదు. కొంత సిగ్గుపడితిని గూడ. కావున ఈ మాసమున, దూరదేశమునకు పోటీకి పోయి, తొలి వరుసలోనే ఓడి యింటికి మరలిన యొక స్త్రీని గూర్చి వ్రాయుచున్నాను. ఆమె పేరు వాండా దుబ్యెన్‌స్కా. ఆమె పోలండు దేశస్థురాలు; పోటీచేసినది కత్తిసాములో.

వాండా 1895వ సంవత్సరమున జన్మించెను. ఆ యేట ఐరోపా పటము విప్పి చూచినవారికి పోలండు అను దేశము కానరాదు. పదునెనిమిదవ శతాబ్దమున రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యములు దానిని 1772, 1793, 1795 సంవత్సరములలో మూడు విడతలుగా పంచుకొని మ్రింగివేసెను. ప్రజలుండిరి, భాష యుండెను, పాటలును పండుగలును ఉండెను; రాజ్యము మాత్రము లేదు. వాండా జీవితము ముడిపడియున్న క్రాకో నగరము చివరకు ఆస్ట్రియా పాలయ్యెను. దాస్యములో తరతమములు లెక్కించుట బాధాకరమే గాని, మూడింటిలోను అదియే మేలని చెప్పవలసియున్నది. తక్కిన రెండు రాజ్యములలోని పోలిష్ బాలబాలికలు బడిలో పరభాషలో చదువవలసివచ్చిన దినములలో, క్రాకోలోని పాఠశాలలును విశ్వవిద్యాలయమును స్వభాషలోనే నడచుచుండెను.

ఆ విశ్వవిద్యాలయము పేరు యాగెల్లోనియన్. అది 1364లో స్థాపితము. అట్టి పురాతన విద్యాపీఠము తన గడప లోపలికి స్త్రీలను రానిచ్చుటకు ఐదువందల ముప్పది యేండ్లు పట్టెను. 1894లో ముగ్గురు యువతులు ఔషధశాస్త్రము నేర్చుకొనుటకు అందు ప్రవేశించిరి. అనగా వాండా పుట్టుటకు ముందటి సంవత్సరమున నన్నమాట.

ఆ నగరమునందే హెన్రిక్ యోర్డన్ అను వైద్యుడు ఉండెను. ఆయన ప్రసూతివైద్య శాస్త్రమున ఆచార్యుడు. పురుళ్లు పోయు వైద్యునకు బిడ్డలు పుట్టిన పిమ్మట వారి దేహములు ఎట్లు పెరుగుచున్నవను చింత కలుగుట సహజము. గాలి సోకని గదులలో, ఎండ తగులని సందులలో పెరుగు పిల్లలను చూచి ఆయన 1889లో నగరపు అంచున విశాలమైన యొక ఆటల తోట నెలకొల్పెను. అచ్చట వ్యాయామమునకును బంతులాటలకును వేరువేరు మైదానము లుండెను, ఆటలు నేర్పువారుండిరి, చెట్లనడుమ పోలిష్ మహనీయుల శిలావిగ్రహము లుండెను. ఆడపిల్లలకును అందు ప్రవేశముండెను. నాకీ విషయము పతకముల పట్టికలన్నింటికంటె ముఖ్యముగా తోచుచున్నది. ఆడుటకు చోటు, ఆడుమని చెప్పు పెద్దవారు ఉన్న ఊరిలో గాని ఆటగత్తెలు పుట్టరు. ఆ తోట నేటికిని ఆ వైద్యుని పేరనే ఉన్నది.

ఇదిగాక ‘సోకుల్’ అను వ్యాయామ సంఘమొకటి యుండెను. సోకుల్ అనగా డేగ. 1867లో ల్వూవ్ నగరమున మొదలై, పోలిష్ వారున్న ఊళ్లన్నింటికి వ్యాపించెను. పైకి చూచుటకు అది వ్యాయామశాల. లోపల దేశభక్తి బడి. స్వంత సైన్యము లేని ప్రజలు తమ బిడ్డల దేహములనైన దృఢముగా నుంచుకొందమని పూనుకొనిరి. కత్తిసామును అందులో నేర్పుచుండిరి. వంకకత్తి పోలండు కులీనులకు ఒకనాడు నడుమునుండి విడువని యలంకారము. తండ్రి తాతల పటములలో వ్రేలాడు కత్తిని చూచి పెరిగినవారికి ఆ విద్యపై మమకార ముండుట వింతగాదు. కాని ఆ మమకారములో స్త్రీకి పాలు పంచినవారు తక్కువ.

వాండా ఒక్క కత్తిసామునకే కట్టుబడిన మనిషి కాదు. ఆ కాలపు ఆటగత్తెలలో పెక్కుమందివలె ఆమెయు అన్నిటికి చేయి చాచినది. తెన్నిసు ఆటలో 1920 దశాబ్దమున స్వదేశపు ప్రథమస్థానమును పలుమారు లందెను. చలికాలము వచ్చినచో క్రాకోకు దక్షిణమున నున్న తాత్రా పర్వతములపై మంచుజోళ్లు తొడిగి జారుడు పందెములకు పోవుచుండెను. ఒకే యాటలో పసితనమునుండి తరిఫీదు పొందుట నేటి పద్ధతి. అప్పటివారు కాలమునుబట్టి ఆట మార్చుకొనుచుండిరి: వేసవిలో తెన్నిసు, శీతకాలమున మంచుజారుడు, నడుమ సాముగరిడీ. ఇందువలన వారికి ఏ యాటలోను పరిపూర్ణత రాలేదని కొందరందురు. కావచ్చును. కాని ఒక్క స్త్రీ ఇన్ని మైదానములలో కనబడుటవలన, వెనుక వచ్చువారికి ఇన్ని మైదానములు కనబడెను గదా!

ఇంతలో మొదటి మహాయుద్ధము ముగిసెను. 1918 నవంబరులో పోలండు మరల స్వతంత్రరాజ్య మయ్యెను. ఆ నెల 28వ తేదీననే క్రొత్త ప్రభుత్వము స్త్రీపురుషులకు సమానముగా వోటుహక్కు నిచ్చు శాసనము వెలువరించెను. మరుసటి యేట, 1919 అక్టోబరులో, దేశపు ఒలింపిక్ సంఘము క్రాకో నగరముననే స్థాపితమయ్యెను. 1920లో ఆంట్‌వెర్ప్ నగరమున జరుగు ఒలింపిక్ ఆటలకు జట్టును పంపవలెనని వారెంతయో ఉబలాటపడిరి. కాని ఆ వేసవిలో బోల్షివిక్ సేనలు వార్సా నగరపు వాకిటివరకు వచ్చియుండెను. ఆటకు పోవలసిన యువకులు యుద్ధభూమికి పోయిరి. కత్తిసాము సమాఖ్య 1922లో ల్వూవ్ నగరమున ఏర్పడెను. కావున 1924లో పారిస్ నగరమున జరిగిన ఒలింపిక్ ఆటలే పోలండు జెండా క్రింద వేసవి క్రీడలకు వెళ్లిన తొలి యాత్ర.

ఆ యాత్రలో పోటీకి దిగినవారు అరువదియైదుగురు. పురుషులు 64, స్త్రీ 1. ఆ ఒక్కతెయే వాండా దుబ్యెన్‌స్కా.

ఈ అంకెను చదివినప్పుడెల్ల నాకొక దృశ్యము మనసునకు వచ్చును. పెండ్లికి తరలు మగపెండ్లివారి బండ్లలో ఒక్క ఆడుది పోవుచున్నట్లు! ఆమెకు తోడెవరు? జడ వేయుటకు, కుట్టు విప్పిన బొత్తామును సరిచేయుటకు, ఓడిన రాత్రి ప్రక్కన కూర్చుండి మాటలాడుటకు ఎవరుందురు? చరిత్రకారులు ఇట్టి సంగతులు వ్రాయరు. మనము మాత్రము వీనినే ముందుగా తలంతుము.

ఇచ్చట ఆమె యాడిన యాటను కొంచెము వివరింపవలసియున్నది. మన పాఠకురాండ్రలో కఱ్ఱసాము చూడనివారుండరు. ఈ కత్తిసాము దానికి భిన్నము. ఇందు మూడు తెగల కత్తులు గలవు: ఫాయిల్, ఎపే, సేబర్. వాండా పట్టినది ఫాయిల్. అది సన్నని, నలుపలకల, వంగెడు కత్తి. మొత్తము బరువు అరకిలోకు మించరాదు. మొన మొద్దుగా నుండును. ఆటగత్తె జల్లెడవంటి ఉక్కుతీగల ముసుగు ముఖమున ధరించి, దళసరి తెల్లని అంగీ తొడిగికొని, లోపల వక్షమునకు రక్షణ కట్టుకొని నిలుచును. ఎదిరి మొండెమును మాత్రమే మొనతో తాకవలెను. తల, చేతులు, కాళ్లు తాకినచో లెక్కకు రాదు. ఆడుచోటు సందువలె ఇరుకైనది; పొడవు పదునాలుగు మీటర్లు, వెడల్పు రెండు మీటర్లకు లోపు. ప్రక్కకు తప్పుకొనుటకు వీలులేదు. ముందునకు పోవలెను, లేదా వెనుకకు తగ్గవలెను.

దీని మర్మము బలములో లేదు. ఇరువురును ఒక్కసారే ఒకరినొకరు తాకినచో, ముందుగా దాడి సాగించినవారికే అది చెల్లును. ఎదిరి కత్తి వచ్చుచుండగా మొదట దానిని తప్పించి, పిమ్మట గాని తిరిగి పొడువరాదు. అత్తాకోడండ్రు నడుమ జగడములో గూడ ఈ నియమమున్న ఎంత బాగుండును! ఎదుటివారి మాటను ముందు పరిష్కరించి, ఆ తరువాతనే మన మాట చెప్పవలెనని. ఈ విద్యలో ఆరితేరినవారు ఒక్కొక్క దాడిని, దాని ప్రతిదాడిని కలిపి వాక్యమని వ్యవహరింతురు. అట్టి వాక్యములు రెప్పపాటున ముగియును.

రెప్పపాటున ముగియుదానిని తీర్పు చెప్పుట ఎట్లు? నేడు కత్తిమొనయందు విద్యుత్తు మీట అమర్చియుందురు. తాకగానే దీపము వెలుగును. ఫాయిల్ కత్తికి ఒలింపిక్ పోటీలలో ఈ సౌకర్యము 1956లో గాని రాలేదు. వాండా కాలమున దీపములు లేవు, కన్నులే దిక్కు. ఐదుగురు తీర్పరులు నిలుతురు. ఒక్కొక్క క్రీడాకారిణి మేనిని ఇద్దరిద్దరు కనిపెట్టుచుందురు. ఐదవవాడు నడుమ నిలిచి వాక్యమును అన్వయించును. నలువురికి తలా ఒక వోటు, నడిమివానికి ఒకటిన్నర వోటు. తాకినది తాకలేదనియు, తాకనిది తాకినదనియు పొరపాట్లు పడుట కద్దు. అందువలన ఈ యాటలో మఱియొక మర్యాద వెలసెను. తనకు దెబ్బ తగిలినచో, తీర్పరులు చూడకపోయినను తానే ఒప్పుకొనుట. 1932లో లాస్ ఏంజెలెస్ నగరమున జరిగిన ఒలింపిక్ ఆటలలో జూడీ గిన్నెస్ అను ఇంగ్లీషు యువతి, స్వర్ణపతకము తేల్చు పోటీలో, తీర్పరుల కన్ను తప్పిన రెండు తాకుడులను తానే చెప్పి ఒప్పుకొనెను. స్వర్ణము ఆస్ట్రియా దేశపు ఎల్లెన్ ప్రైస్‌కు పోయెను. గిన్నెస్‌కు రజతము దక్కెను. ఆ నాలుగేండ్లకొక పర్యాయము వచ్చు అవకాశమున, గొంతువరకు వచ్చిన విజయమును, ఒక్క మాట పలుకక ఊరకున్న చాలును, నిలుపుకొనవచ్చును. ఆమె ఊరకుండలేదు. ఈమెను గూర్చి వేరుగా ఒక మాసము వ్రాయవలెనని నాకున్నది.

మరల 1924వ సంవత్సరపు పారిస్ నగరమునకు పోవుదము. నవీన ఒలింపిక్ ఆటలకు ప్రాణము పోసిన పియేర్ ద కుబెర్తె దొర గొప్పవాడే గాని, స్త్రీల విషయమున ఆయన చూపు పొట్టిది. స్త్రీల ఒలింపిక్ పోటీలు అనుకూలములు గావనియు, చూచుటకు రుచింపవనియు, సొంపుగా నుండవనియు, ఔచిత్యము గాదనియు ఆయన 1912లో బాహాటముగా వ్రాసెను. గెలిచిన పురుషుల శిరమున కిరీటము పెట్టుటయే స్త్రీలకు తగిన పని యని ఆయన మతము. అయినను వారు ఒక్కొక్క తలుపే త్రోసికొనుచు లోనికి వచ్చిరి. 1900లో తెన్నిసు, గోల్ఫు, 1912లో ఈత, 1924లో కత్తిసాము. అదియును ఫాయిల్ ఒక్కటే. అదియును విడిపోటీ ఒక్కటే, జట్టుపోటీ లేదు. ఎపే, సేబర్ కత్తులు స్త్రీల చేతికి బరువనియు, వారి సుకుమారతకు విరుద్ధమనియు పెద్దల అభిప్రాయము. బియ్యపు బస్తాలెత్తు చేతులను, నీళ్ల బిందెలు మోయు నడుములను చూచిన మనకు అరకిలో కత్తిని గూర్చిన ఈ జాలి నవ్వు పుట్టించును.

ఆ జూలై మాసమున వెలోద్రోమ్ దివేర్ అను విశాలమైన భవనమున తొమ్మిది దేశములనుండి ఇరువదియైదుగురు స్త్రీలు కత్తులతో నిలిచిరి. అది చలికాలపు సైకిలు పందెములకు కట్టిన మందిరము. నాటి స్త్రీలు ఈ సామును చాలవరకు మోకాలు దాటిన పావడాలతోనే చేయుచుండిరి. పురుషుడు ముందుకాలు చాచి దూకునప్పుడు అడ్డులేదు. స్త్రీ తన కత్తితో బాటు తన పావడాతో గూడ పోరాడవలెను. వాండా అప్పటికి ముప్పదియేండ్లకు దగ్గరపడిన స్త్రీ. వయసు ఒక లోపమని తలంపరాదు. ఆ పోటీలో ఒక్క ఓటమియు లేక పదునారు పందెములును గెలిచి స్వర్ణము పొందిన డెన్మార్కు దేశపు ఎల్లెన్ ఓసియెర్ అప్పటికి ముప్పదిమూడేండ్లది. ఇంగ్లండునుండి వచ్చిన గ్లాడిస్ డేవిస్‌కు రజతము, డెన్మార్కునుండియే వచ్చిన గ్రేటె హెక్షెర్‌కు కాంస్యము వచ్చెను. మఱి వాండా? తొలి వరుసలోనే ఆమె పోటీ ముగిసెను.

ఇంతే. ఆమె ఒలింపిక్ కథ ఈ ఒక్క వాక్యములో నున్నది. దీనిని పెంచి పెద్దచేసి, ఓడినను గెలిచినదే యని తీపిమాటలు చెప్పుట నాకిష్టము లేదు. ఓటమి ఓటమియే. అద్దానికి కారణములు వెదుకుట మాత్రము తప్పుగాదు. ఎల్లెన్ ఓసియెర్ భర్త ఈవాన్ ఓసియెర్ తానును కత్తిసాములో మేటి. 1912లో రజతము తెచ్చినవాడు. 1908 మొదలు 1948 వరకు ఏడు ఒలింపిక్ ఆటలలో పాల్గొన్నవాడు. ఇంటిలోనే గురువున్న గృహిణి ఆమె. డెన్మార్కునందును ఇంగ్లండునందును స్త్రీలు కూడి అభ్యసించు సంఘములు అదివరకే ఉండెను. పోలండులో దేశమే ఆరేండ్లది, సమాఖ్య రెండేండ్లది. కత్తిసాము నేర్చుకొను స్త్రీకి ఎదురునిలిచి పోరుటకు సమానురాలైన మఱియొక స్త్రీ కావలెను. ఈ విద్య అద్దమునెదుట నేర్చునది గాదు. అట్టి వారు వాండాకు స్వదేశమున ఎందరు దొరకియుందురు?

ఆ యేటి ఆటలలో పోలండు పురుషులు రెండు పతకములు తెచ్చిరి: సైకిలు జట్టునకు రజతము, ఆదం క్రులికేవిచ్ అను ఆశ్వికునకు కాంస్యము. పత్రికలు వారిని కీర్తించుట న్యాయమే. వాండా మరల క్రాకో చేరి, తన తెన్నిసు, తన మంచుజారుడు తాను సాగించుకొనెను.

తరువాతి యాటలు 1928లో ఆమ్‌స్టర్‌డాం నగరమున జరిగెను. ఈసారి మైదానపు పరుగు, విసురు పందెములలో గూడ స్త్రీలకు తలుపు తెరిచిరి. పోలండునుండి హలీనా కొనొపాట్స్‌కా అను యువతి డిస్కసు చక్రమును 39.62 మీటర్ల దూరము విసరి, ప్రపంచములోనే అంతవరకు ఎవరును విసరనంత దూరము విసరి, స్వర్ణపతకము గైకొనెను. పోలండు చరిత్రలో పురుషులకుగాని స్త్రీలకుగాని వచ్చిన మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణము అదియే. నాలుగేండ్ల క్రిందట అరువదినలువురిలో ఒక్కతె. నాలుగేండ్ల తరువాత ఆ దేశపు తొలి స్వర్ణము ఒక స్త్రీ చేతిలో! కొనొపాట్స్‌కా కవయిత్రి గూడ. 1939లో జర్మను సేనలు పైబడినప్పుడు పోలండు బ్యాంకు బంగారమును దేశము దాటించిన సాహసకార్యమున భర్తతో బాటు ఆమెయు పాల్గొనెను.

తెన్నిసులో క్రాకో నగరమునుండియే యాద్విగా యెంజెయొవ్‌స్కా అను బాలిక పైకి వచ్చెను. 1912లో పుట్టిన ఈమె 1937లో వింబుల్డన్ కడపటి పోటీవరకు పోయి, డొరతీ రౌండ్ అను ఇంగ్లీషు క్రీడాకారిణితో మూడు సెట్లు పోరాడి, 2-6, 6-2, 5-7 తేడాతో ఓడెను. ఒక తరమున తొలి వరుసలో ఓటమి, మరు తరమున కడపటి వరుసలో ఓటమి. ఈ రెండింటి నడుమ ఎంత దూరమున్నదో ఆడినవారికే తెలియును.

కత్తిసామున మాత్రము పోలిష్ స్త్రీల త్రోవ చాల దీర్ఘమైనది. పురుషుల జట్టు 1928లోను, 1932లోను సేబర్ కత్తితో కాంస్యములు తెచ్చెను. వంకకత్తి వారి పూర్వుల సొత్తు గదా! ఆ వంకకత్తిని ఒలింపిక్ ఆటలలో స్త్రీల చేతికి ఇచ్చినది ఎప్పుడో తెలియునా? 2004లో. ఫాయిల్ జట్టుపోటీ 1960లో వచ్చెను. ఎపే 1996లో వచ్చెను. సేబర్ 2004లో వచ్చెను. అనగా వాండా నిలిచిన నాటినుండి మూడవ కత్తి చేరుటకు ఎనుబది యేండ్లు!

ఆ 2004వ సంవత్సరముననే చెన్నపట్టణమున భవానీదేవి యను పాఠశాల బాలిక కత్తిసాము నేర్చుకొన మొదలిడెను. ఖరీదైన కత్తులు లేక మొదట వెదురు బద్దలతో అభ్యసించినట్లు ఆమెయే చెప్పెను. 2021లో టోక్యో నగరమున జరిగిన ఆటలలో ఒలింపిక్ కత్తిసామునకు పోయిన తొలి భారతీయురాలు, స్త్రీపురుషు లందరిలోను తొలి వ్యక్తి, ఆమెయే అయ్యెను. పట్టినది సేబర్. తొలి పందెమున ట్యునీసియా యువతిని 15-3 తేడాతో గెలిచి, రెండవ పందెమున ఫ్రాన్సు దేశపు మానోన్ బ్రూనెతో 7-15 తేడాతో ఓడెను. ఓడిన దినముననే ఆమె దేశప్రజలను క్షమాపణ వేడెను. అది చదివి నా కన్నులు చెమర్చినవి. ఎవరిని క్షమాపణ వేడుట? ఎందులకు? మన దేశమున ఆ మైదానముపై అంతకుముందు కాలు మోపినవారే లేరు. వాండాయు ఇంటికి వచ్చి ఎవరికైన ఇట్లే చెప్పుకొనెనేమో యని ఆనాడు నాకు తోచెను.

పారిస్ నగరమున వాండా కత్తి పట్టిన ఆ మందిరముయొక్క తరువాతి కథ చెప్పకుండ పోలేను. 1942 జూలైలో జర్మనుల అధీనమున నున్న ఫ్రాన్సు పోలీసులు రెండు దినములలో పదుమూడు వేలకు పైగా యూదులను పట్టుకొనిరి. వారిలో పిల్లలు గల కుటుంబములను ఆ మందిరముననే నీరు, గాలి చాలక దినముల తరబడి బంధించి, పిదప మరణశిబిరములకు పంపిరి. పిల్లలే నాలుగువేల పైచిలుకు. ఆ భవనమును 1959లో పడగొట్టిరి. ఎల్లెన్ భర్త ఈవాన్ ఓసియెర్ యూదుడు. 1936లో హిట్లరు రాజ్యమున జరిగిన ఒలింపిక్ ఆటలకు పోనని నిలిచినవాడు. క్రాకో నగరమును 1939 సెప్టెంబరు మొదటి వారముననే జర్మనులు ఆక్రమించుకొని, తమ పాలనకు ముఖ్యస్థానము చేసికొనిరి. ఆ నవంబరులో యాగెల్లోనియన్ విశ్వవిద్యాలయపు ఆచార్యులను నూటయెనుబదిమందికి పైగా ఒక్కసారి బంధించి కొనిపోయిరి. ఆటలు, బంతులు, పావడాలు, తెల్లని అంగీలు ఉన్న లోకము ఒక్క పెట్టున మునిగిపోయెను.

వాండా ఆ యుద్ధమును దాటి బ్రతికెను. 1968లో క్రాకో నగరమున కన్నుమూసెను. అప్పటికి పోలండునుండి ఏ స్త్రీయు కత్తిసామున ఒలింపిక్ పతకము తేలేదు. ఆ మొదటి పతకము 1980లో మాస్కో నగరమున, వాండా పట్టిన ఫాయిల్ కత్తితోనే, బార్బరా విసొచాన్‌స్కా తెచ్చిన కాంస్యము. పారిస్ నగరమునాటినుండి లెక్కింప ఏబదియారేండ్లు. 2000లో సిడ్నీ నగరమున ఫాయిల్ జట్టునకు రజతము. 2004లో ఏథెన్సు నగరమున సిల్వియా గ్రుహావాకు కాంస్యము.

2024 జూలైలో ఒలింపిక్ ఆటలు మరల పారిస్ నగరమునకు వచ్చెను. సరిగా నూరేండ్లు. గ్రాన్ పలే అను గాజు కప్పు భవనమున పోలండు స్త్రీల ఎపే జట్టు కాంస్యము కొరకు చైనా జట్టుతో తలపడెను. కడపటి పందెము అలెక్సాండ్రా యారెట్స్‌కాది. గడియారమున క్షణములు ముగియుచుండగా పోలండు ఒక తాకుడు వెనుకబడియుండెను. చివరి సెకనున యారెట్స్‌కా ముందుకు దూకి తాకి సమము చేసెను. అదనముగ ఇచ్చిన నిమిషమున మఱియొకమారు తాకెను. దీపము వెలిగెను. 32-31. ముసుగు తీసి ఆమె వెనుకకు తిరుగునంతలో తోడి యువతులు మువ్వురును పరుగెత్తి వచ్చి ఆమెను చుట్టుముట్టిరి.